కాకుల హాజరుపట్టీ

ఉస్మాన్‌గంజ్ ప్రకృతి ప్రేమికుల స్వచ్ఛంద సంఘం ప్రథమ వార్షికోత్సవం మొన్న ఉగాది నాడు, అధ్యక్షులు కైలాసం సేటు గారి ఎండుమిర్చి గోదాములో అత్యంత జయప్రదంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సభకు వచ్చినవారందరి కళ్లూ చెమర్చాయి. మిర్చి గోదాములో ఏ సభ పెట్టినా అంతే జరుగుతుంది గానీ, పత్రికలకు పంపిన ప్రకటనలో ఆ సంగతి రాయలేదు.

నేను ఈ సంఘానికి ప్రధాన కార్యదర్శిని. పేరు వేణుగోపాల్. నయాపూల్ దగ్గర కోర్టు గోడ పక్కన టైపు మిషన్ పెట్టుకుని ముప్పై ఏళ్లు అఫిడవిట్లు కొట్టాను. కంప్యూటర్లు వచ్చాక నా మిషన్ వైపు ఎవరూ చూడడం లేదు కాబట్టి, ప్రకృతిని చూసే తీరిక దొరికింది. నిజమని ప్రమాణం చేసి చెప్పే మాటలు కొన్ని వేలు నా చేతి మీదుగా పోయాయి. అందుకే నాకు ఏదీ వింతగా అనిపించదు.

సంఘం పుట్టిన విధం ఇది. రెండేళ్ల కింద కైలాసం సేటు కోకాపేట అద్దాల మేడల వైపు ఒక పెళ్లికి వెళ్లాడు. అక్కడ ఒకాయన తన వ్యాపారం ఏమిటో చెప్పకుండా, ఆదివారాలు పిట్టల్ని చూస్తానని పరిచయం చేసుకున్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన్ని మహా గౌరవంగా చూశారట. ముప్పై లారీల మిర్చికి యజమాని అయిన కైలాసం సేటును ఆ పెళ్లిలో ఎవరూ అలా చూడలేదు. ఆయన తిరిగి వస్తూ దారిలోనే బైనాక్యులర్ కొన్నాడు. కిందటి ఉగాదికి సంఘం పెట్టాడు.

సంఘంలో మొత్తం ఇరవై ఇద్దరం. అందరం గంజ్‌లో వ్యాపారులం, లేదా వ్యాపారులకు కావలసినవాళ్లం. అధ్యక్షుడు, ఆరుగురు ఉపాధ్యక్షులు, గౌరవ సలహాదారులు, సంయుక్త కార్యదర్శులు, ఇలా ఇరవై ఒక్కమందికి పదవులు పంచాం. ఒకే ఒక్కాయన ఏ పదవీ లేకుండా మిగిలిపోయి రెండు రోజులు అన్నం తినలేదు. ఆయన్ని సామాన్య సభ్యుల విభాగానికి కన్వీనర్‌గా వేశాం. ఆ విభాగంలో మరెవరూ లేరు కాబట్టి ఆయన పని ఇప్పటికీ సజావుగా సాగుతోంది.

మొదటి పక్షి వీక్షణ యాత్ర వైశాఖంలో జరిగింది. ఉదయం ఆరింటికని కరపత్రం వేశాం. షట్టర్లు ఎత్తి, హమాలీలకు పని చెప్పి, దేవుడి పటానికి అగరొత్తులు ముట్టించి బయల్దేరేసరికి పదిన్నరయింది. శుభకార్యం కదా అని ముందు మర్ఫా మేళం పెట్టాం. అందరం చిలకపచ్చ టోపీలు పెట్టుకున్నాం. నయాపూల్ మీదికి చేరి మేళగాళ్లు ఒక్క దరువు వేయగానే మూసీ పొడుగునా ఉన్న పిట్టలన్నీ ఒకేసారి గాల్లోకి లేచాయి. ఏ కొమ్మ మీద ఏది కూర్చుందో వెతుక్కునే శ్రమ మాకు తప్పింది.

ఇక లెక్క. బస్తాలోకి ఇనప గొట్టం పొడిచి, గుప్పెడు గింజలు తీసి, మొత్తం సరుకు ఎలాంటిదో చెప్పడం మా గంజ్‌లో అందరికీ వచ్చిన విద్యే. ఆకాశంలో ఒక గుప్పెడంత చోటు చూసి మిగతాదంతా మేం అలాగే తేల్చాం. ప్రథమ ఉపాధ్యక్షుడు గుండయ్య, బెల్లం హోల్‌సేల్ ఆయనది, చిలకలు ఎనభై ఉన్నాయన్నాడు. కైలాసం సేటు నలభైకి మించవన్నాడు. అప్పుడు తాతల నాటి పద్ధతి ప్రకారం భుజమ్మీది రుమాలు కింద ఇద్దరూ చేతులు కలిపి, పైకి మాట్లాడకుండా వేళ్లు పట్టుకుని బేరం తేల్చుకున్నారు. చిలకలు అరవై రెండుకు ఖాయమయ్యాయి. నేను రిజిస్టర్‌లో రాశాను. అదే పద్ధతిలో కొంగలు, గోరింకలు కూడా ఖాయం చేసుకుని ఇరానీ హోటల్లో సమోసాలు తిని తిరిగొచ్చాం.

ఆ తర్వాత సంఘానికి నియమావళి కావాలనిపించింది. ఏ పిట్ట కనబడినా ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి. లేకపోతే అది కనబడినట్టు కాదు. ఒకసారి గోదాము కిటికీలోంచి గుండయ్య గద్దను ప్రతిపాదించాడు. అంతకుముందు రోజే అతనికీ మిగతావాళ్లకీ టోపీల రంగు మీద మాటామాటా వచ్చింది కాబట్టి ఎవరూ బలపరచలేదు. గద్ద సమావేశం ముగిసేదాకా మా నెత్తిమీదే తిరిగింది. రిజిస్టర్‌లో మాత్రం ఎక్కలేదు. ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. మిర్చి ఘాటుకు సభ్యులు తుమ్ముతుంటే ఎవరు సరేనన్నారో ఎవరు తుమ్మారో తేలేది కాదు. తుమ్మిన వారందరూ బలపరచినట్టేనని ఏకగ్రీవంగా తీర్మానించాక సమావేశాలు వేగంగా సాగాయి.

వానాకాలంలో ఒక వేప మొక్కను నాటాం. ఫొటోకు అందరూ నాటినట్టు రావాలి కాబట్టి దాన్ని ఇరవై రెండుసార్లు నాటి ఇరవై ఒక్కసార్లు పీకాం. దసరాకు జనం పాలపిట్టను చూడ్డానికి ఎక్కడెక్కడికో పోతున్నారని, గంజ్ మొగదాల్లోనే పాలపిట్ట ఫ్లెక్సీ కట్టి దర్శనం ఏర్పాటు చేశాం. పిట్ట ఒక మూలకు, సభ్యుల ముఖాలు మిగతా మూడు మూలలకు వచ్చాయి. జనం వరసలో నిలబడి, దండం పెట్టుకుని, జమ్మి ఆకు చేతిలో పెట్టించుకుని పోయారు. పిట్ట కదలడం లేదని ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

ఇంతవరకు మీరు ఒకరిద్దరు తప్ప ఎవరి పేరూ వినలేదు. ఇప్పుడు చెప్పబోయే పేరు సంఘంలో లేని మనిషిది. కైలాసం సేటు తల్లి నాగమణమ్మ. ఎనభై ఏళ్లు దాటిన మనిషి. పొద్దున పొయ్యి మీంచి దిగిన అన్నంలో మొదటి ముద్ద పట్టుకుని మెట్లెక్కి మిద్దె మీదికి వచ్చేది. పిట్టగోడ మీద పెట్టి కాకుల్ని పిలిచేది. ఇంటి వెనక పెద్ద వేపచెట్టు ఒకటి, మిద్దె మీదికి కొమ్మలు వాల్చుకుని ఉండేది. కాకులన్నీ అందులో కాపురం. ముద్ద పెట్టి ఆమె చేయి వెనక్కి తీసుకునేలోపే వచ్చి వాలేవి.

మా సంఘం కాకిని లెక్కలోకి తీసుకోలేదు. అది సామాన్య పక్షి అని, దాని పేరు జాబితాలో ఉంటే కోకాపేట వాళ్లు నవ్వుతారని తీర్మానం చేశాం. ఆ సంగతి విని నాగమణమ్మ నన్నే పట్టుకుంది.

"కాకిని ఇడిసిపెట్టి పిట్టల లెక్క ఏంది వేణూ? అగో, ఇయ్యాల పదకొండు ఒచ్చినయ్. రాస్కో."

నేను రాసుకున్నాను. మా ఇల్లు ఆ గల్లీలోనే కాబట్టి రోజూ పొద్దున ఆ దారినే పోయేవాణ్ణి. ఆమె మిద్దె మీంచి ఒక అంకె చెప్పేది. రిజిస్టర్ చివరి పేజీల్లో కాకులకు విడిగా ఒక హాజరుపట్టీ గీసి, తేదీ వేసి, ఆ అంకె ఎక్కించేవాణ్ణి. కోర్టు దగ్గర బతికినవాడికి ఏదైనా తేదీ వేసి రాస్తే గానీ నిద్ర పట్టదు. సంఘం మొత్తం మీద కళ్లతో చూసి చెప్పిన లెక్క అదొక్కటే.

ఆమె ఇంకో మాట కూడా చెప్పేది. ఇంటి వెనక వేపచెట్టు కింద రెండు గదులున్నాయి. వాటిలో ఆమె కూతురు సుజన ఉంటోంది. భర్త పోయాక వచ్చి, మిషన్ పెట్టుకుని, గల్లీలో ఆడవాళ్లకు జాకెట్లు కుట్టుకుంటూ తొమ్మిదేళ్లుగా తన తిండి తాను తింటోంది. ఆ రెండు గదులు సుజనవేనని నాగమణమ్మ పాలవాడికీ పూలామెకూ కూడా చెప్పేది. ఇల్లు పెద్దామె పేరు మీదే ఉంది. ఆ మాటే ఒక కాగితం మీద టైపు చేసి పెట్టమని నన్ను రెండుసార్లు అడిగింది కూడా. అధ్యక్షుల వారికి ఆ జాగాలో కొత్త గోదాము కట్టాలని ఉందని నాకు తెలుసు. అందువల్ల ప్రకృతి పనులు కాస్త తెమలనీ పెద్దమ్మా అని రెండుసార్లూ తప్పించుకున్నాను.

కార్తీకంలో సంఘం ఆ మిద్దె మీదే పక్షి వీక్షణ గోపురం కట్టింది. ఇనప కడ్డీలతో, రంగుల బల్బులతో చూడముచ్చటగా వచ్చింది. పైకెక్కి బైనాక్యులర్ పెట్టుకుంటే వేపాకులు తప్ప ఏమీ కనబడలేదు. అత్యవసర సమావేశం పెట్టాం. అధ్యక్షుల ఉపన్యాసం రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు ఇది:

"సోదరులారా, ప్రకృతిని ప్రేమించాల్నంటె ముందుగాల దాన్ని చూడాలె. చూడాల్నంటె నడుమ ఏం అడ్డం ఉండొద్దు. గీ యాపచెట్టు మనకు, ప్రకృతికి నడుమ నిలవడ్డది. ప్రకృతి కోసం ఒక్క చెట్టు త్యాగం జెయ్యలేకపోతె మనం ఏం ప్రేమికులం?"

చప్పట్లు, తుమ్ములు. చెట్టు రెండు రోజుల్లో పోయింది. మూడో రోజు అధ్యక్షులు టేపు పట్టుకుని వెనక జాగా కొలిచారు. గోపురం మీంచి ఇప్పుడు చూపు సాఫీగా ఎదుటి భవనం నీళ్ల ట్యాంకు దాకా పోతోంది. ఆ ట్యాంకు మీద పావురాలుంటాయి. వాటిని చూడ్డానికి గోపురం అవసరం లేదు, బైనాక్యులర్ అంతకన్నా అవసరం లేదు, అయినా వరసగా ఎక్కి చూసి దిగాం.

చెట్టు పడిన మర్నాడు పొద్దున నాగమణమ్మ ముద్ద పెట్టి పిలిచింది. చాలాసేపు పిలిచింది. తర్వాత గోడ మీంచి తల వంచి "సున్న" అంది. నేను సున్న వేశాను. ఆ తర్వాత రోజూ పెట్టింది, రోజూ పిలిచింది, రోజూ సున్న చెప్పింది. ఎందుకమ్మా ఈ లెక్క, ఇక మానెయ్యమంటే, రాకపోయింది గూడ రాయాలె గదా అంది. మాఘంలో మూడు రోజుల జ్వరంతో పోయింది. నాకు నా తల్లి పోయినప్పుడు కూడా అంత గుబులు కలగలేదు.

పదోనాడు పక్షికి పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి కాకి కోసం ఎదురుచూడడం మీకు తెలిసిందే. కాకి ముడితే ఆత్మకు తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఆ కోరికేదో కనుక్కుని, తీరుస్తామని ఆకు ముందు నిలబడి మాట ఇవ్వాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరాదు. ఆమె రోజూ ముద్ద పెట్టిన చోటే, అదే పిట్టగోడ మీద ఆకు వేశారు. గారెలు, పులిహోర, బచ్చాలు, సకినాలు, సాసర్లో ఇరానీ చాయ్. చుట్టాలతో పాటు సంఘం సభ్యులం కూడా అందరం టోపీలతో హాజరయ్యాం. సంతాప సూచకంగా టోపీలు తిరగేసి పెట్టుకున్నాం.

పదకొండయింది, పన్నెండయింది. ఆకాశంలో నల్లని చుక్క కూడా లేదు. చుట్టాలు మాటలివ్వడం మొదలుపెట్టారు. యాదగిరిగుట్టకు పోయి ఆమె పేరున తలనీలాలు ఇస్తామన్నారు. కోడలు ఇకమీదట సీరియల్ చప్పుడు తగ్గించి పెట్టుకుంటానంది. గుండయ్య చార్మినార్ దగ్గర గాజులు తెచ్చి ముత్తైదువలకు పంచుతానన్నాడు. కైలాసం సేటు ముందు అన్నదానం అన్నాడు, తర్వాత కాశీ అన్నాడు, చివరికి పక్షి వీక్షణ గోపురానికి తల్లి పేరు పెడతానన్నాడు. గారెల మీద ఈగలు వాలాయి. ఆకును మూసీ ఒడ్డుకు తీసుకుపోదామని, అక్కడ కాకులు బాగా దొరుకుతాయని గుండయ్య సలహా ఇచ్చాడు. వేసిన ఆకు తీయరాదన్నారు పంతులుగారు.

రెండు దాటింది. పంతులుగారికి షుగర్. ఆయన ఇక ఆగలేక, ఆమె నోట్లో ఏ మాట ఉండేదో అందరికీ ఎరుకేనని, ఆ మాట అనేస్తే లేచిపోవచ్చని అన్నారు. అందరి తలలూ మెట్ల వైపు తిరిగాయి. సుజన అక్కడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పొద్దుట్నుంచి ఆమె ఏమీ అడగలేదు. ఆకాశం వైపు కూడా చూడడం లేదు. అన్న నోటి వైపే చూస్తోంది.

కైలాసం సేటు ఆకు ముందుకు వచ్చి చేతులు జోడించాడు. ఆకలికి, ఎండకు మనిషి తూలుతున్నాడు. నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అమ్మా, ఎనక రెండు అర్రలు..." అన్నాడు.

అక్కడ ఆగాడు. అతని చూపు నా టోపీ మీద పడింది. తాను ప్రకృతి ప్రేమికుల సంఘానికి అధ్యక్షుడినన్న సంగతి గుర్తొచ్చింది. జోడించిన చేతులు విడదీసి, నా వైపు తిరిగాడు.

"వేణు భాయ్, రిజిస్టర్ తే. కాకుల పట్టీ సదువు."

నేను చదవకుండా ఉండవలసింది. పేజీ దొరకలేదంటే సరిపోయేది. ముప్పై ఏళ్లు ఎవరు ఏం చదవమంటే అది చదివిన నోరు, దానంతట అదే తెరుచుకుంది. చెట్టు కొట్టిన తేదీ చదివాను. ముందురోజు పదకొండు. మరుసటి రోజు సున్న. తర్వాత సున్న. ఆమె గోడ మీంచి వంగి చెప్పిన ఎనభై నాలుగు సున్నలు, తేదీలతో సహా, స్పష్టంగా, గట్టిగా చదివాను. ముప్పయ్యో సున్న దగ్గర సుజన తల దించుకుంది.

"ఇన్నరా?" అన్నాడు అధ్యక్షుడు. అతనికి ప్రాణం లేచివచ్చింది. "అమ్మకు ఏ కోరిక లేదు. చెట్టు లేదు, గందుకె కాకి రాలే. ఇది సైన్సు."

చెట్టు కొట్టడం వల్ల కాకులు పోయాయని మా సంఘం ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. చుట్టాలు మెచ్చుకోలుగా తలలూపారు. ఇంత చదువుకున్న సంఘం గల్లీలో ఉండి కూడా ఇన్నాళ్లూ తెలుసుకోలేకపోయామని బాధపడ్డారు.

సైన్సు తేలింది గానీ కార్యం మిగిలే ఉంది. పక్షి ముట్టనిదే భోజనాలు లేవు. పావురం పక్షా కాదా అని అధ్యక్షులు పంతులుగారిని సూటిగా అడిగారు. పక్షేనని ఆయన ఒప్పుకోక తప్పలేదు. సభ్యులందరం అక్కడే ఉన్నాం కాబట్టి అత్యవసర సమావేశం మిద్దె మీదే జరిగింది. నేటి నుంచి గంజ్ పరిధిలో అన్ని కార్యాలకూ పావురమే కాకిగా పరిగణించబడుతుందని తీర్మానం. గుండయ్య తుమ్మాడు. నేను రాశాను. అతనే కింది నుంచి జొన్నల సంచి తెప్పించి ఆకు చుట్టూ చల్లాడు.

నాలుగు నిమిషాలు పట్టలేదు. ఎదుటి ట్యాంకు మీంచి ముప్పై నలభై పావురాలు దిగాయి. జొన్నలు తిన్నాయి, పులిహోర తిన్నాయి, చాయ్ సాసర్ తన్నేశాయి, గారెల మీద నడిచాయి. ఏమీ అలగలేదు. ఎవరి మాట కోసమూ ఆగలేదు. చప్పట్లు కొట్టాలనిపించింది గానీ సందర్భం చూసుకుని ఊరుకున్నాం. అందరూ భోజనాలకు దిగారు. బచ్చాలు ఒక్కొక్కరికి రెండు వడ్డించారు.

మెట్లు దిగుతుంటే సుజన నా పక్కకు వచ్చింది.

"అన్నా, అమ్మ జెప్పిన లెక్కలన్ని మంచిగ రాసినవ్. గా ఒక్క కాయిదం రాయకపోతివి," అంది.

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. సిగ్గుతో నా ముఖం ఎర్రబడిందో ఏమో, మిర్చి ఘాటా అని గుండయ్య మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. తాగాను.

ఫాల్గుణంలో వెనక గదులు పడగొట్టారు. సుజన తన మిషన్ ఆటోలో వేసుకుని పురానాపూల్ దగ్గర ఒక అద్దె గదికి మారింది. వీడ్కోలుగా సంఘం తరఫున ఆమెకు శాలువా కప్పాం. కుట్టుపనిలో ఆమె చేసిన సేవలను అధ్యక్షులు కొనియాడారు. ఆమె శాలువా మడిచి, మిషన్ మీద దుమ్ము పడకుండా కప్పుకుని వెళ్లిపోయింది.

వార్షిక నివేదికలో చేర్చిన చివరి అంశం ఒక్కటి విన్నవించి ముగిస్తాను. మా తీర్మానం పేరు బయటికి పాకింది. ఈ కొన్ని వారాల్లోనే బేగంబజార్ నుంచి, గౌలిగూడ నుంచి, ఎక్కడెక్కడి నుంచో పెద్దమనుషులు వచ్చి దాని నకలు టైపు చేయించుకుపోతున్నారు. నా పాత మిషన్‌కు మళ్లీ పని దొరికింది. పద్నాలుగు ఇళ్లలో పక్షికి పెట్టేటప్పుడు సంఘం తరఫున నేనే స్వయంగా హాజరయ్యాను. ప్రతి ఇంట్లోనూ మెట్ల దగ్గర ఎవరో ఒక చెల్లెలో, చిన్న కోడలో, దగ్గరుండి సేవ చేసిన మేనకోడలో నిలబడి ఉంది. జొన్నలు చల్లగానే పావురాలు దిగాయి. పద్నాలుగు ఇళ్లలోనూ పోయినవాళ్లకు తీరని కోరిక ఒక్కటీ లేదని శాస్త్రీయంగా రుజువైంది.

తమరి ఇంట్లో కూడా ఎవరో ఒక పెద్దామె ఉండే ఉంటుంది. ఏదో ఒక మాట పదే పదే అంటూనే ఉంటుంది. తమరు కంగారు పడనవసరం లేదు. ఇప్పటి నుంచే పెరట్లో చెట్టు సంగతి చూసుకోండి. జొన్నలు మేం తెచ్చుకుంటాం.